మీ ఊరి భూగర్భ జలాల లెక్కలు కావాలా? దరఖాస్తు ఇలా పెట్టండి

బోరు పాయింటు చూపించడానికి కొబ్బరికాయ పట్టుకొచ్చే వాళ్లకు వేలు ఇస్తాం గానీ, సర్కారు ఏళ్ల తరబడి రాసిపెట్టిన నీటిమట్టం లెక్కలు అడిగేవాళ్లు మన ఉమ్మడి వరంగల్‌లో తక్కువ. అవేమీ రహస్యాలు కావు. చాలావరకు ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి, లేనివాటికి పది రూపాయల దరఖాస్తు చాలు. ఎవరిని అడగాలి, ఏమని అడగాలి అన్నదే తెలియాలి.

రాష్ట్ర భూగర్భ జల శాఖ ఫీజోమీటర్లతో నీటిమట్టం కొలుస్తుంది. ఇవి నీళ్లు తోడే బోర్లు కావు, కొలవడానికే వేసినవి. వీటి రీడింగు నెలనెలా తీస్తారు. కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలక బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది: జనవరి, వానలకు ముందు వేసవి, ఆగస్టు, నవంబరు. నీటి నాణ్యత పరీక్షలు ఇంత తరచుగా ఉండవు. నల్లా నీళ్ల సంగతి మిషన్ భగీరథ అధికారులను అడగాలి. వాగు, చెరువు, ఫ్యాక్టరీ కాలుష్యమైతే కాలుష్య నియంత్రణ మండలిని అడగాలి.

ముందు ఆన్‌లైన్‌లో చూడండి. కేంద్రం నడిపే ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్ పోర్టల్‌లో గ్రౌండ్ వాటర్ లెవెల్ అన్న చోట రాష్ట్రం, జిల్లా ఎంచుకుంటే స్టేషన్ల వారీగా రీడింగులు వస్తాయి. తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లోనూ భూగర్భ జలాల ఫైళ్లు ఉంటాయి. తాగునీటి పరీక్షల వివరాలకు జల్ జీవన్ మిషన్ వాటర్ క్వాలిటీ పోర్టల్ ఉంది.

వెతికేటప్పుడు ఇక్కడో చిక్కుంది. 2016లో వరంగల్ జిల్లాను ముక్కలు చేశారు. 2019లో ములుగు విడిపోయింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ కాస్తా వరంగల్ అయింది. పరకాలనే తీసుకోండి, మొదట వరంగల్, తర్వాత వరంగల్ రూరల్, ఇప్పుడు హనుమకొండ. పాత రీడింగులు పాత జిల్లా పేరు కింద ఉండిపోతే, కొత్త పేరుతో వెతికినవాళ్లకు 'డేటా లేదు' అనే కనిపిస్తుంది. మూడు పేర్లతోనూ వెతకండి. దరఖాస్తులోనూ మూడూ రాయండి.

అక్కడ దొరకకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. రాష్ట్ర శాఖ లెక్కలకు జిల్లా భూగర్భ జల కార్యాలయంలోని పౌర సమాచార అధికారి పేరిట తెలుగులోనే రాయొచ్చు. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డర్ జత చేస్తే సరిపోతుంది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు దాని జిరాక్స్ పెడితే ఫీజు అడగరు. కేంద్ర మండలికైతే ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో పది రూపాయలు కట్టి ఇంట్లోంచే పంపొచ్చు. ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు, 6(2) సెక్షన్ ఆ మాటే చెబుతుంది. ఆఫీసు తప్పిందనుకున్నా కంగారు వద్దు, 6(3) ప్రకారం అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాల్సిన బాధ్యత వాళ్లదే.

దరఖాస్తులు ఎక్కువగా తేలిపోయేది ప్రశ్న దగ్గరే. 'మా ఊళ్లో నీళ్లెందుకు అడుగంటాయి? ఏం చర్యలు తీసుకున్నారు?' అని రాస్తే ఒక్క లైను జవాబుతో సరిపెడతారు. చట్టం కింద వచ్చేది రికార్డు, అభిప్రాయం కాదు. ఇలా రాసి చూడండి:

'పరకాల మండలంలో మీ శాఖ కొలిచే ఫీజోమీటర్ల జాబితా, ఒక్కోదాని ఊరు, అక్షాంశ రేఖాంశాలు, లోతు. 2015 జనవరి నుంచి 2024 డిసెంబరు దాకా నెలవారీ నీటిమట్టం రీడింగులు. అదే కాలంలో ఫ్లోరైడ్, నైట్రేట్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) పరీక్షల ఫలితాలు, శాంపిల్ తీసిన తేదీతో సహా. ఎక్సెల్ ఫైలుగా ఈమెయిల్‌కు పంపగలరు.'

ఎక్సెల్ అన్న మాట మరవొద్దు. కాగితాలుగా ఇస్తే పేజీకి రెండు రూపాయలు, పైగా మసక జిరాక్స్‌లో అంకెలు కనబడక తలనొప్పి.

చేత్తో ఇస్తే మీ కాపీ మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. పోస్టులో పంపితే రసీదు దాచండి. గడువు 30 రోజులు. దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకున్నా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లోపు అదే శాఖ పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పెట్టుకోవచ్చు.

లెక్కలు చేతికొచ్చాక చాలామంది తిరగేసి చదువుతారు. 12.40 అని ఉంటే నేల నుంచి 12.40 మీటర్ల కింద, అంటే దాదాపు 41 అడుగుల లోతున నీళ్లున్నాయని. అంకె పెరిగితే నీళ్లు దిగిపోయినట్టు. మే రీడింగును మేతోనే పోల్చాలి, నవంబరుతో కాదు. ఇంకో మాట, వరంగల్ చుట్టూ ఉన్నది చాలావరకు గ్రానైట్ రాయి. పగుళ్లు ఎటుంటే నీళ్లు అటే, కాబట్టి ఫీజోమీటరు పక్క చేను బోరుకు కూడా గ్యారంటీ ఇవ్వదు. అది చెప్పేది ఆ ప్రాంతం తీరు మాత్రమే. నాణ్యత కాలమ్‌లో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాములోపు ఉండటం మేలు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. నైట్రేట్‌కు 45 దాటితే సడలింపే లేదు. టీడీఎస్ 500లోపు మంచిది, గత్యంతరం లేకపోతే 2000 దాకా.

మీ సొంత బోరు నీళ్ల సంగతి మాత్రం ఏ పోర్టల్‌లోనూ దొరకదు. తాగునీటి ల్యాబులో కొద్దిపాటి ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవాలి. మోటారు కాసేపు నడిపాక, శుభ్రంగా కడిగిన లీటరు సీసాను అదే నీళ్లతో తొలిచి పట్టండి. సూక్ష్మజీవుల పరీక్షకైతే ల్యాబు వాళ్లిచ్చే సీసాయే వాడాలి, దాన్ని తొలవకూడదు. సీసా మీద ఊరు, సర్వే నంబరు, తేదీ రాసి, రిపోర్టులోనూ అవే పడేలా చూసుకోండి.