క్రియేట్ టేబుల్ సెలెక్ట్‌కి 1786 ఎర్రర్ వస్తుంటే

రాయగడలో మా ధాన్యం కొట్టు బిల్లులన్నీ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోనే, పర్లాకిమిడి కొట్టులో దానికి రెప్లికా (మార్పులన్నీ వచ్చి చేరే నకలు) ఉంది. నెలాఖరున పాత బిల్లుల్ని ‘క్రియేట్ టేబుల్ సెలెక్ట్’ అనే ఒక్క కమాండ్‌తోనే కొత్త టేబుల్‌గా చేద్దామంటే ప్రతిసారీ 1786 ఎర్రర్, ఒకటే టెన్షన్. జీటీఐడీ (ప్రతి మార్పుకీ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు, రెప్లికా దాన్నిబట్టే నడుస్తుంది) నియమం ఆన్‌లో ఉంటే 8.0.21 కన్నా పాత వెర్షన్లు దీన్ని ఒప్పుకోవు.

ఆ ఒక్క కమాండ్‌ని రెండు చేయండి చాలు. ముందు ‘క్రియేట్ టేబుల్ పాతబిల్లులు లైక్ బిల్లులు’, అది అయ్యాక ‘ఇన్సర్ట్ ఇంటూ పాతబిల్లులు సెలెక్ట్’ అని మీ క్వెరీ. త్వరగా వెతకడానికి పెట్టుకున్న ఇండెక్సులు కూడా వచ్చేస్తాయి (నాకు ఇదే బాగా నచ్చింది, క్రియేట్ టేబుల్ సెలెక్ట్‌తో చేస్తే అవి రావు). లక్షల వరుసలుంటే ఐడీ ప్రకారం 5,000 చొప్పున వేయండి, రెప్లికా అంతగా వెనకబడదు.

రెండు టేబుళ్లు కలిపే క్వెరీకి మాత్రం లైక్ పనికిరాదు, కాలమ్స్ మీరే రాసుకోవాలి.