ధవళేశ్వరం ఆనకట్టను అర్థం చేసుకుంటూ చూడడం ఎలా

ధవళేశ్వరం వెళ్లినవారిలో చాలామంది బ్యారేజీ మీద బండి ఆపి, గేట్ల కింద నురగలు కక్కే నీటిని ఫొటో తీసుకొని తిరిగి వచ్చేస్తారు. గోదావరి డెల్టాకు అన్నం పెట్టిన కట్టడాన్ని అంత తొందరగా చూసి రావడం నాకు బాధగా ఉంటుంది. ఒక పూట సమయం కేటాయించుకొని వరుసగా చూస్తే, 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టను అక్కడే ఎందుకు కట్టారో, అది చేసే పని ఏమిటో ఎవరికైనా తెలిసిపోతుంది.

నాగార్జునసాగర్‌ను మనసులో పెట్టుకొని మాత్రం బయలుదేరకండి. ఇక్కడ నిలిచే నీరు మూడు టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) లోపే. ఈ కట్టడం నీటిని దాచిపెట్టడానికి కాక, నది మట్టాన్ని కొన్ని అడుగులు పైకి లేపి కాలువల్లోకి మళ్లించడానికి పుట్టింది.

మొదట జనార్దనస్వామి గుడి ఉన్న కొండ ఎక్కండి. అక్కడి నుంచి చూస్తే గోదావరి లంకల (నది నడుమ దీవుల) మధ్య పాయలుగా విడిపోయి, చాలా వెడల్పుగా పరుచుకొని కనిపిస్తుంది. ఇరుకైన చోట కడితే గోడ పొడవు తగ్గుతుంది కదా అని మనకు అనిపిస్తుంది గాని, వెడల్పు ఉన్నచోట వరద పలచబడి దాని ఒత్తిడి తగ్గుతుంది. పైగా లంకలు అడ్డుగా ఉన్నంత మేర రాతి కట్టడం అక్కరలేదు. రాయి కూడా దగ్గరి కొండల్లోనే దొరికింది. ఆనకట్ట కట్టించిన ఇంజినీరు ఆర్థర్ కాటన్ ఈ స్థలాన్ని ఎంచుకోవడంలోని తెలివి కొండ మీద నిలబడితేనే బోధపడుతుందని నా నమ్మకం.

కొండ దిగి తూర్పు డెల్టా కాలువ మొదలయ్యే లాకుల దగ్గరికి వెళ్లండి. అసలు రహస్యం ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడవద్దు. వరద తెచ్చే ఒండ్రు ముందుగా ఒడ్డునే పేరుకుంటుంది. అందువల్ల డెల్టాలో నదిని ఆనుకొన్న నేల మెరకగానూ, దూరం వెళ్లేకొద్దీ పల్లంగానూ ఉంటుంది. డెల్టా తలభాగంలో నీటిని కాస్త ఎత్తి కాలువకు అందిస్తే, ఆ తరువాత మోటారు గాని ఏతం గాని లేకుండా అది పొలాల దాకా తానే పారుతుంది. వరద లేని రోజుల్లో బ్యారేజీకి ఎగువన నది మట్టాన్ని, కాలువ మట్టాన్ని, దిగువన నది మట్టాన్ని ఒకదాని తరువాత ఒకటి పోల్చి చూడండి. సార్వా (వానాకాలపు వరి), దాళ్వా (రెండో వరి) రెండు పంటలూ ఆ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి.

చరిత్రను కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. 1832–33లో నందన కరువు వచ్చింది. 1839లో కోరంగి తీరాన్ని తుపాను ముంచింది. జనం చచ్చి, వలసపోయి రాజమండ్రి జిల్లా చిక్కిపోయింది. పక్కనే నిండుగా పారే గోదావరి సముద్రంలో కలిసిపోతుండగా మనుషులు ఆకలితో చనిపోయారు. 1844లో జిల్లా స్థితిని పరిశీలించిన అధికారి హెన్రీ మాంట్‌గోమరీ నివేదిక ఇచ్చిన తరువాతే కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రభుత్వం కదిలింది. పడిపోయిన శిస్తు ఆదాయం వారిని కదిలించిన కారణాలలో ఒకటని చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్లవుతుంది.

ఇసుకలో పునాది ఎలా నిలిచిందన్న ప్రశ్నకు సమాధానం కావేరి దగ్గర ఉంది. అంతకుముందు కావేరి పాయ అయిన కొల్లడం మీద పనిచేసిన కాటన్, అంతులేని ఇసుకలో పునాది నిలపడం పాతకాలపు మన కట్టుబడివారి నుంచే నేర్చుకొన్నామని ఒప్పుకొన్నాడు. ఆయనకు కుడిభుజంగా పనిచేసిన వీణం వీరన్న పేరును కూడా మీ వెంట వచ్చిన పిల్లలకు చెప్పండి.

ఇప్పుడు బ్యారేజీ మీదుగా పడమటికి సాగండి. పాత ఆనకట్టకు బదులుగా కట్టగా 1982లో పూర్తయిన ఈ బ్యారేజీలోనూ పాత ఆనకట్టలో ఉన్న నాలుగు భాగాలే ఉన్నాయి: ధవళేశ్వరం వద్ద 70, ర్యాలి వద్ద 43, మద్దూరు వద్ద 23, విజ్జేశ్వరం వద్ద 39, మొత్తం 175 గేట్లు. మొదటి రెండూ గోదావరి తూర్పు పాయ గౌతమికి, తక్కిన రెండూ పడమటి పాయ వశిష్ఠకు అడ్డుగా నిలుస్తాయి. రెండు పాయల నడుమ బొబ్బర్లంక దగ్గర ఆగితే కోనసీమకు వెళ్లే మధ్య డెల్టా కాలువను, విజ్జేశ్వరం చేరితే పశ్చిమ డెల్టా కాలువను చూడవచ్చు.

వరదకాలంలో వెళ్లేవారు ధవళేశ్వరం వద్ద నీటిమట్టం ఎంత ఉందో ముందే తెలుసుకోవాలి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. హెచ్చరిక ఉన్న రోజుల్లో ప్రయాణం మానుకోండి. గేట్లు ఎత్తేసినప్పుడు ఎగువ, దిగువ మట్టాల తేడా ఎలాగూ కనిపించదు. కాలువలు నిండుగా పారుతూ, నది నెమ్మదిగా ఉండే డిసెంబరు, జనవరి నెలలు ఇందుకు అనువైనవి. తిరుగు దారిలో ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి ఒక గంట ఉంచుకోండి; ఆనకట్టను చూశాక వెళితే అక్కడి నమూనాలు సులువుగా అర్థమవుతాయి.