ఆఫీసు డేటాను క్లౌడ్‌కు ఎక్కించే ముందు చూసుకోవాల్సినవి

నేను నల్గొండ కలెక్టరేట్‌లో ఐటీ పనులు చూస్తాను. "సర్వర్ పాతదైపోయింది, క్లౌడ్‌కు మారదామనుకుంటున్నాం, ఏ కంపెనీ మంచిది?" అని ఏదో ఒక శాఖ నుంచి ఫోన్ వస్తూనే ఉంటుంది. క్లౌడ్ అంటే మన ఫైళ్లను వేరే చోటున్న సర్వర్లలో పెట్టి నెట్‌వర్క్ ద్వారా వాడుకోవడం. కంపెనీ సంగతి తర్వాత. ముందు మీ సెక్షన్లలో ఏ డేటా ఎక్కడుందో ఒక పట్టిక రాయండి. తెల్లకాగితం మీద చేత్తో రాసినా చాలు.

పట్టికలో ఒక్కో దాని పక్కన ఒక జవాబు ఉండాలి: ఇది బయటపడితే ఎవరికి నష్టం? నాగార్జునసాగర్ సంగతే చూడండి. నీటిమట్టం 590 అడుగులకు ఎంత దగ్గరికి వచ్చిందో రోజూ పేపర్లో వేస్తారు. దాన్ని దాచి లాభం లేదు. అదే డ్యాం గేట్ల కంట్రోల్ డ్రాయింగులు, కాపలా డ్యూటీల చార్టు అయితే లెక్క వేరు. ఇవన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో, 'సాగర్ న్యూ ఫైనల్' లాంటి పేరున్న ఒకే ఫోల్డర్‌లో పడి ఉంటే, ఫోల్డర్ మొత్తాన్ని ఎత్తి క్లౌడ్‌లో పెట్టేస్తారు. చిక్కంతా అక్కడే.

కేంద్ర హోం శాఖ మార్గదర్శకాల్లో ఇందుకు మెట్లున్నాయి: టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రెస్ట్రిక్టెడ్, అన్‌క్లాసిఫైడ్. పై రెండు మెట్లవి ఇంటర్నెట్ తగిలే చోటికి రానే కూడదు. అమెరికా రక్షణ శాఖ 2022 డిసెంబరులో నాలుగు కంపెనీలతో పెద్ద క్లౌడ్ ఒప్పందం చేసుకుంది, కానీ అక్కడ కూడా సీక్రెట్ సమాచారానికి విడిగా కట్టిన క్లౌడ్, విడి నెట్‌వర్క్. అంత డబ్బున్నోళ్లే కలిపి పెట్టలేదు, మనమెందుకు కలపాలి?

పింఛన్ల జాబితా, మాజీ సైనికుల వివరాలు లాంటివి సీక్రెట్ కాకపోయినా జాగ్రత్త తగ్గించకండి. ఆధార్ నంబర్లు దాచే శాఖలు వాటిని ఎక్సెల్ షీట్లలో వదిలేయకుండా, విడిగా ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళం లేకుండా చదవలేని కోడ్‌గా మార్చిన) ఆధార్ వాల్ట్‌లో పెట్టాలని ఆధార్ సంస్థ యూఐడీఏఐ 2017లోనే చెప్పింది.

ఇక కంపెనీ. కేంద్రం 2014లో మేఘరాజ్ పేరుతో ప్రభుత్వ క్లౌడ్ మొదలుపెట్టింది. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ నడిపే క్లౌడ్ మీకు సరిపోతే ముందు అదే అడగండి. ప్రైవేటు కంపెనీ కావాలంటే, కేంద్ర ఐటీ శాఖ ఎంప్యానెల్ చేసినవాటిలో (ఆమోదిత జాబితాలో చేర్చినవాటిలో), ఐటీ శాఖ పరీక్షల విభాగం ఎస్‌టీక్యూసీ ఆడిట్ అయిన సర్వీసునే ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో తీసుకోండి. డేటా దేశం దాటకూడదని ఆర్డర్‌లోనే రాయించండి. దీని మీద ఇంతకన్నా చర్చ అక్కర్లేదు.

ఆడిట్ సర్టిఫికెట్ ఉంది కదా అని మాత్రం నిద్రపోకండి. ఆ సర్టిఫికెట్ కంపెనీ డేటా సెంటర్‌కు, మీ సెట్టింగులకు కాదు. 2023 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం తాలూకు ఈమెయిల్ సర్వర్ ఒకటి ప్రభుత్వ క్లౌడ్‌లోనే, పాస్‌వర్డ్ లేకుండా, ఇంటర్నెట్‌కు తెరిచి దొరికింది. అడ్రస్ తెలిస్తే ఎవరైనా బ్రౌజర్‌లో చూడొచ్చు. క్లౌడ్‌ను ఎవరూ బద్దలుకొట్టలేదు, సెట్టింగు తప్పింది అంతే.

మన దగ్గర తలుపు తెరుచుకునేది ఇంకా సులువుగా. ఒక ఆఫీసులో టేబుల్ అద్దం కింద లాగిన్, పాస్‌వర్డ్ రాసిన చీటీ చూశాను. పక్కనే డ్రాయరులో సార్ డిజిటల్ సంతకం డాంగిల్. ఓటీపీ సార్ ఫోన్‌కే వస్తుంది, సార్ టూర్‌లో ఉంటారు, ఆపరేటర్ ఫోన్ చేస్తే చదివి చెప్పేస్తారు. అంటే రెండో తాళం ఉన్నా లేనట్టే. ఆపరేటర్‌ను తిట్టి ప్రయోజనం లేదు, పని ఆగకూడదని ఆ పిల్లవాడి టెన్షన్. అతని పేరు మీద, అతని పనికి సరిపడా హక్కులతో వేరే లాగిన్ ఇవ్వండి. సంతకం హక్కు సార్ దగ్గరే ఉండనీయండి. అడ్మిన్ లాగిన్ ఇద్దరికి మించి వద్దు. ఆ ఇద్దరికీ ఓటీపీ కన్నా యూఎస్‌బీ సెక్యూరిటీ కీ (లాగిన్ కోసం కంప్యూటర్‌కు గుచ్చే చిన్న పరికరం) మేలు, ఫోన్లో చదివి చెప్పడానికి అందులో ఏమీ ఉండదు.

బదిలీలప్పుడు మరీ జాగ్రత్త. రిలీవింగ్ ఆర్డర్ మీద సంతకానికి ముందే 'లాగిన్ మూసేశాం' అని నోట్‌ఫైల్‌లో పడాలి. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు రిలీవింగ్ ఆర్డరే ఉండదు కాబట్టి, వాళ్ల లాగిన్లకు గడువు తేదీ మొదటి రోజే పెట్టేయండి.

లాగ్‌ల (ఎవరు ఎప్పుడు లాగిన్ అయి ఏం చేశారో నమోదయ్యే రికార్డుల) ఖర్చు కోసేయకండి. 2023లో అమెరికా విదేశాంగ శాఖ మెయిళ్లలోకి హ్యాకర్లు దూరిన సంగతి బయటపడింది లాగ్‌ల వల్లే, అదీ అప్పట్లో అదనంగా డబ్బు కట్టినవాళ్లకే వచ్చే లాగ్‌లు. మన దగ్గర సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, హ్యాకింగ్ లాంటిది ఏదైనా జరిగితే తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి. ఆదివారం రాత్రి తెలిస్తే ఎవరు చెప్తారు? ఆ పేరు ఇప్పుడే రాసుకోండి.

బ్యాకప్ విషయంలో కంపెనీ మాట వినకండి, రీస్టోర్ చేసి చూపించమనండి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు, బయట బ్యాకప్ లేదు. మీ రెండో కాపీ కూడా హైదరాబాద్‌లోనే ఉందంటే దాన్ని ఇంకో నగరానికి మార్పించండి. మూడు నెలలకోసారి ఏదో ఒక మండలం డేటా తీసి తెరిపించండి. తెరుచుకోని బ్యాకప్‌కు బిల్లు కట్టొద్దు.

బిల్లు అంటే గుర్తొచ్చింది. క్లౌడ్‌కు వాడినంత కట్టాలి, మన బడ్జెట్ మార్చిలో ఒక తీరు, ఏప్రిల్‌లో ఒక తీరు. నిధుల రిలీజ్ ఆలస్యమైనా సర్వీసు వెంటనే ఆపకూడదని, ఆపే ముందు ఇన్ని రోజుల నోటీసు ఇవ్వాలని ఒప్పందంలో ఉండాలి. మానుకునేటప్పుడు డేటా ఏ ఫార్మాట్‌లో తిరిగిస్తారు, దించుకోవడానికి విడిగా ఎంత తీసుకుంటారు, తమ దగ్గర చెరిపేసినట్టు ఏ పత్రం ఇస్తారు అన్నది కూడా. ఈ క్లాజులు లేకుండా అభిప్రాయం కోసం నా టేబుల్ మీదికొచ్చిన ఫైలును నేను వెనక్కే పంపిస్తాను.