పాత వాల్వు రేడియో: ఏ లక్షణానికి ఏ కెపాసిటర్ మార్చాలి

విశాఖ మహారాణిపేటలో మా ఇంటికి సముద్రం దగ్గరే. తాతగారి వాల్వు (ట్రాన్సిస్టర్ల కంటే ముందు వాడిన గాజు గొట్టం) రేడియో ఏళ్ల తరబడి అటక మీదే ఉండిపోయింది. అందులో మళ్లీ విశాఖ ఆకాశవాణి, 927 కిలోహెర్ట్జ్, వినాలని విప్పాను. ఈ తేమ గాలికి ముందు పాడయ్యేవి వాల్వులు కావు, మైనం పూసిన కాగితం కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే భాగాలు).

ప్లగ్ తీసినా ఫిల్టర్ కెపాసిటర్‌లో (డీసీలో ఒడిదుడుకులు తగ్గించేది) 250-300 వోల్టులు నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి.

మొదటి లక్షణం: వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా హమ్ (గుయ్‌మనే మోత) వస్తోంది. ఎలక్ట్రోలిటిక్ రకం ఫిల్టర్ కెపాసిటర్ లోపల ఎండిపోయింది. 32+32 మైక్రోఫారడ్ డబ్బా (ఒకే డబ్బాలో రెండు కెపాసిటర్లు) ఉంటే 33 మైక్రోఫారడ్, 450 వోల్టులవి రెండు వేయండి. వాల్వులు వేడెక్కేలోపు వోల్టేజీ మామూలు కంటే పైకి వెళ్తుంది కాబట్టి 350 వోల్టులది వద్దు. 105 డిగ్రీల రకం తీసుకోండి. హమ్ ఇంకా తగ్గుతుందని 100 మైక్రోఫారడ్ పెట్టకండి. ఈజెడ్80 లాంటి రెక్టిఫైయర్ వాల్వు (ఏసీని డీసీగా మార్చేది) దగ్గర మొదటి కెపాసిటర్ 50 మైక్రోఫారడ్ దాటకూడదు. అందం కోసం పాత డబ్బా ఉంచుకోవచ్చు, దాని వైర్లు మాత్రం పూర్తిగా తీసేయాలి.

పది నిమిషాలకు మాట బొంగురుపోతోంది, అవుట్‌పుట్ వాల్వు విపరీతంగా కాలుతోంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. దానికి ముందున్న వాల్వు ఆనోడ్ (సంకేతం బయటికి వచ్చే కొన) నుంచి అవుట్‌పుట్ వాల్వు ఈఎల్84 గ్రిడ్‌కి (సంకేతం లోపలికి వెళ్లే కొన) వచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది. ఒక్క మైక్రోఆంపియర్ లీకైనా 1 మెగాఓమ్ గ్రిడ్ రెసిస్టర్ మీద 1 వోల్టు నిలుస్తుంది, దాంతో వాల్వు ఎక్కువ కరెంటు లాగుతుంది. కెపాసిటెన్స్ మీటరు తక్కువ వోల్టేజీతో కొలుస్తుంది కాబట్టి విలువ సరిగ్గానే చూపిస్తుంది. నేను ఆ మీటరును నమ్మి పాతది వదిలేశాను, వారం తిరక్కుండా వాల్వు పోయింది. రేడియో నడుస్తుండగా ఈఎల్84 రెండో పిన్ (గ్రిడ్) దగ్గర, ఛాసిస్‌తో (లోపలి లోహపు చట్రం) పోల్చి, డీసీ కొలవండి. పాజిటివ్ కనిపిస్తే వెంటనే ఆపేయండి. పాత దాని మీద 10,000 పీఎఫ్ (పికోఫారడ్) అని ఉంటే కొత్త దాని మీద 103 అని ఉంటుంది, రెండూ ఒకటే. 630 వోల్టుల పాలియెస్టర్ వేయండి. పనిలో పనిగా మిగతా కాగితం కెపాసిటర్లన్నీ మార్చేయండి, మన ఊళ్లో వాటిని నమ్మలేం.

ఛాసిస్ ముట్టుకుంటే షాక్ కొడుతోంది. మెయిన్స్ (ఇంటి కరెంటు) నుంచి ఛాసిస్‌కి ఉన్న కెపాసిటర్‌ను చూడండి. అక్కడ వై2 అనే భద్రతా రకమే వేయాలి, మెయిన్స్ రెండు తీగల మధ్య ఎక్స్2 అనే భద్రతా రకం. మామూలు 630 వోల్టులది అక్కడ ప్రాణానికే ప్రమాదం. కొన్ని ఏసీ/డీసీ సెట్లలో మెయిన్స్ తీగ ఒకటి నేరుగా ఛాసిస్‌కే ఉంటుంది, అవి అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి.

స్టేషన్ డయల్ మీద పక్కకి జరిగింది. మైకా కెపాసిటర్ల జోలికి వెళ్లకండి, అవి సాధారణంగా బాగానే ఉంటాయి. ట్రిమ్మర్లు (స్క్రూతో తిప్పి సర్దే చిన్న కెపాసిటర్లు) సర్దితే చాలు.

అన్నీ అతికాక మొదటిసారి 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. అలాగే పూర్తిగా వెలుగుతూ ఉంటే ప్లగ్ తీసేసి, ఎలక్ట్రోలిటిక్‌ల మైనస్ గీత ఎటు ఉందో మళ్లీ చూడండి.