స్కౌట్స్‌లో చేర్పించే ముందు జాగ్రత్తలు

☐ ఒక వారం మీటింగ్‌కి పిల్లలతో పాటు మీరూ వెళ్లి కూర్చోండి. లీడర్లు వాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. పిల్లలు తక్కువగా ఉన్నారని వెనకాడొద్దు. 1907లో స్కౌట్స్‌ని మొదలుపెట్టిన బేడెన్ పావెల్ పెట్టిన మొదటి క్యాంపుకి వెళ్లింది సుమారు 20 మందే.

☐ క్యాంపులో పెద్దవాళ్లు కనీసం ఇద్దరు ఉంటారా? మొహమాటపడకుండా అడగండి. విసుక్కుంటే వేరే ట్రూప్ (స్కౌట్ బృందం) చూసుకోండి.

☐ ఆస్తమా, అలర్జీ, వాడే మందులు ఫారంలో దాచకుండా రాయండి. ఇన్‌హేలర్ బ్యాగు అడుగున కాదు, పై జేబులో పెట్టాలి.

☐ ఈత రాకపోతే రాదనే చెప్పండి.

☐ కొత్త బూట్లు రెండు వారాల ముందే, క్యాంపుకి వేసుకునే సాక్సుతోనే తొడిగి తిప్పండి. మడమ ఎర్రబడితే బొబ్బ లేవకముందే టేపు వేయాలి.

☐ యూనిఫాం? నాలుగు మీటింగులయ్యాక కొనొచ్చు.