జనవరి 1న ‘ఫ్రీ’ అయ్యే బొమ్మలు: వాడేముందు జాగ్రత్తలు

ఏటా డిసెంబర్ చివర్లో "ఫలానా క్యారెక్టర్ ఇక అందరిదీ" అంటూ పోస్టులు తిరుగుతాయి. అవి చూసి టీషర్టులు ప్రింటింగుకి ఇచ్చేవాళ్లు, యూట్యూబ్ సిరీస్ మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. డబ్బు పెట్టేముందు ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి. కాపీరైట్ తీరేది ఆ పాత సినిమాకో పుస్తకానికో, అందులో కనిపించిన రూపానికో మాత్రమే. తర్వాత చేర్చిన సొగసులు వాటి గడువు తీరేదాకా యజమానివే.

మిక్కీ మౌస్ సంగతే చూడండి. అమెరికాలో ఆ కాలపు సినిమాలకు విడుదల నుంచి 95 ఏళ్ల రక్షణ. 1928 నాటి ‘స్టీమ్‌బోట్ విల్లీ’ 2024 జనవరి 1న కాపీరైట్ నుంచి బయటపడింది. అందులోది నలుపు తెలుపు మిక్కీ. గ్లౌజులు లేవు, కళ్లు ఉత్త నల్ల చుక్కలు, తోక సన్నగా పొడుగ్గా ఉంటుంది. గ్లౌజులు 1929లో తొడిగారు, వాటి గడువూ తీరింది. కానీ 1940 ‘ఫాంటాసియా’లో మంత్రగాడి టోపీ పెట్టుకున్న, తెల్లగుడ్డులో నల్లపాప ఉన్న మిక్కీ 2035 చివరిదాకా డిస్నీదే. ఏఐని మిక్కీ గీయమంటే ఈ కొత్త మొహమే గీసిచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. అందుకే పాత సినిమా ఫ్రేమ్ పక్కన పెట్టుకుని కళ్లు, చేతులు, బట్టలు ఒక్కొక్కటే సరిచూసుకోండి. విన్నీ ద పూ కూడా అంతే. 1926 పుస్తకంలోని ఎలుగుబంటిని అమెరికాలో వాడుకోవచ్చు, డిస్నీ కార్టూన్లలోని ఎర్రచొక్కా పూ జోలికి పోవద్దు.

ట్రేడ్‌మార్క్, అంటే సరుకు ఎవరిదో చెప్పే పేరు లేదా గుర్తు, వేరే గొడవ. వాడుతూ, రెన్యూ చేస్తూ ఉన్నంతకాలం అది తీరదు. స్టీమ్‌బోట్ విల్లీ ముక్కనే డిస్నీ తన యానిమేషన్ స్టూడియో లోగోలో పెట్టుకుంది. మీ కథలో ఆ పాత మిక్కీ నడవొచ్చు, మీ షాపు బోర్డు మీదో లేబుల్ మీదో మాత్రం వద్దు. కొనేవాళ్లు ఇది డిస్నీ సరుకే అనుకుంటే మీకు నోటీసు తప్పదు.

చాలామంది బోల్తాపడేది దేశాల తేడా దగ్గర. 1929లో మొదలైన బెల్జియం కామిక్ హీరో టిన్‌టిన్ తొలి బొమ్మలు అమెరికాలో 2025లో ఫ్రీ అయ్యాయి. గీసిన ఎర్జే 1983లో పోయారు. యూరప్‌లో రచయిత పోయాక 70 ఏళ్ల లెక్క, అంటే 2053 చివరిదాకా ఆగాలి. ఇండియాలో పుస్తకాలకు, బొమ్మలకు 60 ఏళ్లు. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లు పెట్టిన వీడియో పారిస్‌లోనూ కనిపిస్తుంది కదా, అక్కడి చట్టమూ చూసుకోవాలి.

తెలుగు పాత్రలకూ ఇదే లెక్క. గురజాడ 1915లో పోయారు కాబట్టి గిరీశం మనందరివాడు. కొత్త ఎడిషన్ అట్ట మీది బొమ్మ మాత్రం ఆ ఆర్టిస్టుది. బుడుగు అలా కాదు. ముళ్ళపూడి 2011లో, బాపు 2014లో వెళ్లిపోయారు. ఆ మాటలకు 2071 చివరిదాకా, ఆ గీతలకు 2074 చివరిదాకా హక్కుంది. పుట్టినరోజు ఫ్లెక్సీ మీద వేసినా అనుమతి అడగడం న్యాయం.

ఏ ప్రతి నుంచి తీసుకున్నారో, అది ఏ సంవత్సరానిదో రాసి దాచుకోండి. యూట్యూబ్‌లో ‘ఇది మాది’ అంటూ ఆటోమేటిక్ క్లెయిమ్ పడితే టెన్షన్ పడకుండా ఆ వివరాలతోనే అభ్యంతరం పెట్టొచ్చు. పెట్టుబడి పెద్దదైతే, ప్రింటింగుకి ఇవ్వకముందే లాయర్‌కి చూపించండి.