పసిబిడ్డకు రాత్రీ పగలూ అలవాటు చేయడం ఎలా

మా చిన్నాడు పుట్టిన కొత్తలో పగలంతా ఒళ్లు తెలియకుండా పడుకుని, రాత్రి రెండింటికి ట్యూబ్‌లైట్ వంక గుడ్లప్పగించి చూసేవాడు. దిష్టి తగిలిందని అత్తయ్య ఉప్పు దిగదుడిచారు. తప్పు లైటుది!

మెదడులో, రెండు కంటినరాలు కలిసేచోటికి కాస్త పైన, ఒంటికి రాత్రీ పగలూ చెప్పే గడియారం ఉంటుంది. కంటి వెనక పొరలో మెలనాప్సిన్ అనే, వెలుతురును పసిగట్టే పదార్థం ఉన్న కణాలు దానికి వెలుతురు కబురు అందిస్తాయి. పుట్టేసరికి ఆ దారి ఉన్నా, రాత్రిళ్లు మెలటోనిన్ (ఒంటికి రాత్రయిందని చెప్పే హార్మోన్) పెరిగే వరస కుదరడానికి 2, 3 నెలలు పడుతుంది.

పొద్దున్నే కర్టెన్లు తీసేయండి. కళ్లలో ఎండ పడకుండా బిడ్డను ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చోండి. పగటి నిద్రకు చీకటి అక్కర్లేదు, మిక్సీ మోగితే మోగనివ్వండి. సాయంత్రం ఏడు దాటాక లైట్లు తగ్గించండి. ఆ కణాలకు నీలికాంతి అంటేనే చురుకు. అందుకే రాత్రి పాలకు నేను చిన్న ఎర్ర బెడ్‌లైట్‌ను గోడవైపు తిప్పి పెట్టాను. ఫోన్ ముట్టుకోకూడదు, అసలు కష్టం అదే. రాత్రి తల్లిపాలలో మెలటోనిన్ ఉంటుంది కాబట్టి, పాలు తీసి దాచే సీసా మీద టైమ్ రాసుకుని, రాత్రి తీసినవి రాత్రికే పట్టండి.

పదో వారంలో మావాడు తొలిసారి ఐదు గంటలు ఏకధాటిగా పడుకున్నాడు. టెన్షన్‌తో నేనే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.